మైక్రాన్ మావయ్య

చిలకలూరిపేటలో తెలిసినవాళ్ళ ఇంటిముందు కొత్త కారు ఆగిందంటే సాయంత్రానికల్లా మైక్రాన్ మావయ్య అక్కడ ప్రత్యక్షమవుతాడు. ధర అడగడు, మైలేజీ అడగడు. డౌన్ పేమెంట్ ఎంత, నెలకు కిస్తీ ఎంత అనే ప్రశ్నలు మిగతా చుట్టాలకు వదిలేస్తాడు. కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, బానెట్ మీద చూపుడువేలి వెనకవైపుతో మెల్లగా రాసి, ఒకే మాట అంటాడు.

"కోటింగ్ ఏయించావా అబ్బాయ్?"

లేదన్నవాడి మీద జాలిపడతాడు. టెఫ్లాన్ అన్నవాడిని క్షమిస్తాడు. సెరామిక్ అన్నవాడిని ఎన్ని లేయర్లని నిలదీస్తాడు. బండంతా పీపీఎఫ్ అనే రక్షణ ఫిల్మ్ అంటించానన్నవాడు ఎదురైతే మాత్రం, వాడు ఎంత చిన్నవాడైనా సరే, 'మీరు' అనేస్తాడు.

ఇలాంటి మనిషి ఒక్క పేటలోనే ఉన్నాడనుకుంటే పొరపాటు. నరసరావుపేటలో ఈయన బాబాయ్, ఒంగోలులో పెదనాన్న, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో బావగారు. ఎక్కడైనా ఉపన్యాసం ఒకటే, కరెన్సీ మారుతుంది.

మన మావయ్యది గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. టిక్కీ బస్తా మూతి దగ్గర కనిపించే కాయను ఆయన చూడనైనా చూడడు. మోచేతిదాకా చెయ్యి లోపలికి పోనిచ్చి, నడిమధ్యనుంచి గుప్పెడు లాగి, ఒక కాయ విరిచి గింజ చూస్తాడు. తొడిమ చూస్తాడు. గుప్పిట్లో నలిపి ఆ చప్పుడుతోనే తేమ ఎంతుందో చెబుతాడు. తేజ రకంలో తాలుకాయ ఎంత కలిసిందో ఆయనకు వాసన చాలు. ఆయన్ని మోసం చేయడం రైతువల్లా కాలేదు, ఎగుమతిదారువల్లా కాలేదు.

2003లో యూరప్ దేశాలు మిరపకారంలో సుడాన్ అనే రసాయన రంగు పట్టుకుని గగ్గోలుపెట్టాయి. మన స్పైసెస్ బోర్డు ఎగుమతి మిర్చికి పరీక్ష తప్పనిసరి చేసింది. అయినా 2005లో అదే రంగు పుణ్యమా అని బ్రిటన్ దుకాణాల్లోంచి వందల రకాల తినుబండారాలు వెనక్కి పోయాయి. ఆ రోజుల్లో యార్డులో అందరికన్నా ఎక్కువ మండిపడింది ఈయనే. "కాయకు రంగు పూసి అమ్మేవాడు కన్నతల్లినైనా కాటాకెక్కిస్తాడు" అని తిట్టాడు. ఆ మనిషే తర్వాతెప్పుడో తన కారుకు పూత పూయించడానికి ముప్ఫై వేలు కట్టి, రసీదు మడిచి జేబులో పెట్టుకుని వచ్చాడు. మచ్చు అడగలేదు. బేరమాడలేదు. షోరూమ్ కుర్రాడు "నానో టెక్నాలజీ సార్, 9హెచ్, అయిదేళ్ళ వారంటీ" అన్నాడు. అంతే, సంతకం అయిపోయింది.

ఒంగోలు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మేనల్లుడు ఆ వారాంతం వచ్చి తలపట్టుకున్నాడు. మావయ్యకు 'మైక్రాన్' పేరు రావడానికి కారకుడు అతనే. "ఫ్యాక్టరీలోనే కారుకు నాలుగు పొరలు పడతాయి మావయ్యా" అని మొదలుపెట్టాడు. తుప్పు పట్టకుండా కరెంటు సాయంతో రేకుకు పట్టించే పూత ఒకటి, దానిమీద ప్రైమర్, దానిమీద రంగు, అన్నిటికన్నా పైన పారదర్శకంగా ఉండే క్లియర్ కోట్. నాలుగూ కలిపితే సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. తలవెంట్రుక మందం అటూ ఇటూగా 70. క్లియర్ కోట్ ఒక్కటే 40, 50 దాకా ఉంటుంది. ఎండ దెబ్బకు రంగు వెలవకుండా కాచే మందులు దాంట్లో ముందే కలిపి ఉంటాయి. సెరామిక్ పూత ఎండి గట్టిపడ్డాక మిగిలేది ఒకటి, మహా అయితే రెండు మైక్రాన్లు.

మేనల్లుడు ఇదంతా సిగ్గుపడతాడని చెప్పాడు. మావయ్య మర్నాడే యార్డులో కనపడ్డవాడికల్లా చెప్పుకున్నాడు: "రెండు మైక్రాన్లు ఏయించా! మా అల్లుడు కొలతలేసి మరీ చెప్పాడు."

కారు రంగు పోతుందన్న ఈ భయం ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు, వాళ్ళ నాన్నగారి అంబాసిడర్‌తో వచ్చింది. అప్పటి కార్లకు క్లియర్ కోట్ లేదు. వేళకు మైనం పాలిష్ పట్టించకపోతే రంగు పాలిపోయేది. తుడిచిన గుడ్డకు కారు రంగే అంటుకొచ్చేది. ఆ గుడ్డలు ఉతికి పెరిగిన కుర్రాడు పెద్దయ్యాక పూతలకు లొంగిపోవడంలో ఆశ్చర్యం లేదు. కార్లు మారాయిగానీ కుర్రాడు మారలేదు.

9హెచ్ సంగతీ మేనల్లుడు వదల్లేదు. మావయ్య దాన్ని వజ్రానికి ఒక మెట్టు కింద అనుకుంటున్నాడు. ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ కొలబద్దలో వజ్రం 10 గనక, 9 అంటే కెంపు దగ్గరికి వచ్చేశామని ఆయన లెక్క. కానీ ఈ 9హెచ్ పెన్సిల్ గట్టిదనం. 6బి నుంచి 9హెచ్ దాకా పెన్సిళ్ళు తీసుకుని పూతమీద 45 డిగ్రీల వాలులో తోసి చూస్తారు. ఏ పెన్సిల్‌కూ గీత పడకపోతే ఆఖరి పెన్సిల్ పేరు పెడతారు. రోడ్డు దుమ్ములో ఉండే ఇసుక రేణువు క్వార్ట్జ్, మోస్ లెక్కలో 7. దానిముందు ఏ పెన్సిలూ నిలవదు.

"అయితే బడిపిల్లల బారినుంచి రక్షణన్నమాట" అన్నది అత్తయ్య వంటింట్లోంచి.

అత్తయ్యకూ ఆ కారుకూ పడదు. ఇంట్లో పాత బనియన్లు, చిరిగిన తువ్వాళ్ళు కారు దరిదాపులకు రాకూడదని మావయ్య శాసనం. మైక్రోఫైబర్ గుడ్డలకు విడిగా ఒక కొక్కెం, ఆ కొక్కేనికి విడిగా ఒక గది. ఒకనాడు అత్తయ్య వాటిలో నీలంగుడ్డ తీసి గ్యాస్ పొయ్యి తుడిచింది. తాను తాళికట్టిన మనిషిమీద అరవలేక మావయ్య గుడ్డమీద అరిచాడు. శాసనంలో న్యాయం లేకపోలేదు. పొడిదుమ్ము మీద పొడిగుడ్డ వేసి రుద్దడంవల్ల పడే సన్నటి సాలెగూటి గీతలే మన ఊళ్ళలో కార్ల మెరుపు తీసేది. యార్డు దుమ్ము, నల్లరేగడి దుమ్ము, ఏదైనా ముందు నీళ్ళతో దిగిపోవాలి. ఆ ఒక్క అలవాటుకు రూపాయి ఖర్చు లేదు. అందుకేనేమో ఏ షోరూమ్‌వాడూ దాన్ని అమ్మడు.

ఇంటికొచ్చిన అతిథికి కాఫీ ఆలస్యం కావచ్చుగానీ ప్రదర్శన ఆలస్యం కాదు. మావయ్య చెంబుతో నీళ్ళు తెచ్చి బానెట్ మీద పోస్తాడు. నీళ్ళు ముత్యాలై దొర్లుతాయి. "తామరాకు మీద నీటిబొట్టు!" అంటాడు, ప్రతిసారీ అప్పుడే తోచినట్టు. తామరాకు గుట్టును జర్మన్ వృక్షశాస్త్రవేత్త విల్‌హెల్మ్ బార్ట్‌లాట్ సూక్ష్మదర్శినికింద చూసి 1997లో సహచరుడితో కలిసి ప్రకటించాడు. మైనపు బుడిపెల ఆకుమీద నీటిబొట్టు 150 డిగ్రీలకు పైబడిన కోణంతో దాదాపు గుండ్రంగా నిలుస్తుంది. సెరామిక్ మీద ఆ కోణం 100, 110 దగ్గర ఆగుతుంది. దొర్లే మాట నిజమే. బురద తేలిగ్గా వదిలే మాటా నిజమే. వారం వారం కారు కడుక్కునేవాడికి నడుము నొప్పి తగ్గుతుంది.

చిక్కు ముత్యం ఎండినప్పుడు వస్తుంది. పేటలోగానీ, ఒంగోలు మెట్టలోగానీ బోరునీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు దండిగా ఉంటాయి. మే ఎండలో కడిగి తుడవకుండా వదిలేస్తే ప్రతి ముత్యమూ ఉన్నచోటే ఎండి తెల్లటి వలయం మిగులుస్తుంది. పూతలేని కారుమీద నీరు పరుచుకుని చారికలవుతుంది, పూత ఉన్న కారుమీద చుక్కలవుతుంది. యార్డుకు సెలవులిచ్చే ఆ మే నెలంతా మావయ్య ఆ చుక్కలు లెక్కపెడుతూ గడిపాడు. వెనిగర్ కలిపిన నీళ్ళతో తుడిస్తే పోతాయని ఎవరో చెబితే, పచ్చళ్ళకు తెచ్చిన సీసా కారుకింద తేలింది.

పెళ్ళిళ్ళలో ఆయన్ని పట్టుకోవడం మరీ కష్టం. కారు పెట్టడానికి వేపచెట్టు నీడ పనికిరాదు, కాకులుంటాయి. ఎండకు క్లియర్ కోట్ మెత్తబడ్డప్పుడు పడిన రెట్టను గంటల తరబడి వదిలేస్తే దాని ఆమ్లం అచ్చు దించుతుంది, సెరామిక్ ఉన్నా సరే. పూత ఇచ్చేది కాస్త గడువు మాత్రమే. ఎండ పనికిరాదు, నీళ్ళచుక్కలు గుర్తొస్తాయి. పక్కన కారుంటే డోర్ తగులుతుంది. గేదెలు గోక్కుంటాయి. పిల్లలు పేర్లు రాస్తారు. కాబట్టి కల్యాణ మండపానికి అరకిలోమీటరు అవతల, ఏ ప్రాణీ తిరగని చోట కారుపెట్టి, చెమటలు కక్కుతూ తలంబ్రాలయ్యాక వస్తాడు. విస్తరి దగ్గరా కిటికీ వైపే కూర్చుంటాడు. కిటికీలోంచి కారు కనపడదు. కారున్న దిక్కు కనపడుతుంది, అది చాలు.

కారు కొన్న కొత్తలో కోటప్పకొండకు పూజకు తీసుకెళ్ళారు. పంతులుగారు పసుపు, కుంకుమ కలిపిన గిన్నెతో బానెట్ వైపు వంగితే మావయ్య అడ్డం నిలబడ్డాడు. త్రికోటేశ్వరుడికీ తన కోటింగ్‌కీ మధ్య రాజీమార్గం వెతికి, స్వస్తిక్ అద్దం మీద వేయమన్నాడు. పంతులుగారు అద్దం మీద వేశారుగానీ గుమ్మడికాయ మాత్రం బంపర్‌కు జానెడు దూరంలో కొట్టించారు. దిష్టితాడుకు మిరపకాయలు మావయ్యే ఎంచి కట్టాడు. తేజ, తాలు లేనిది.

ఇన్ని కట్టుదిట్టాలయ్యాక జరగవలసింది జరిగింది. చీమకుర్తి గ్రానైట్ లారీ వెనక ఒంగోలు దాకా వెళ్ళాడు. నల్ల గెలాక్సీ రాయి ప్రపంచమంతా వెళ్ళేది చీమకుర్తినుంచే. దారిలో కొంత మావయ్య బంపర్‌మీదికి వచ్చింది. మూడుచోట్ల రంగు లేచి ప్రైమర్ కనపడింది. ఆ తర్వాత నెలలో గుంటూరు శంకర్ విలాస్ సెంటర్లో ఒక ఆటో డోర్ పొడవునా తన గుర్తు వదిలి, వెనక్కి చూడకుండా పోయింది. వారంటీ కార్డు మొదటిసారి బయటికి తీశారు. రాళ్ళదెబ్బలు, గీతలు, ప్రమాదాలు, పక్షిరెట్టలు, నీటిమరకలు వర్తించవని, ఏటా డబ్బుకట్టి మెయింటెనెన్స్ చేయించకపోతే మిగిలిందీ వర్తించదని చిన్న అక్షరాల్లో ఉంది. మిగిలిందేమిటో మేనల్లుడు కళ్ళద్దాలు పెట్టుకుని వెతికినా తేలలేదు.

అతను అక్కడితో ఊరుకోకుండా కాగితం మీద లెక్కవేశాడు. ఒక డోర్‌గానీ బంపర్‌గానీ మళ్ళీ రంగు వేయించడానికి నాలుగైదు వేలు. అంటే కోటింగ్ డబ్బుతో ఆరేడు ఆటోలను క్షమించవచ్చు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడు తిరిగిన కిలోమీటర్లు అడుగుతాడు, ఎన్నో ఓనరని అడుగుతాడు, కోటింగ్ చూసి పైసా కలపడు. పైగా పూత వేసేముందు మిషన్‌తో పాలిష్ పడతారు. ఆ పాలిష్‌కు అరిగే క్లియర్ కోట్ ఒక్కోసారి పైన వేసే పూతకన్నా ఎక్కువ. టెఫ్లాన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. పెనానికి ఆ పదార్థం పట్టాలంటే మూడు వందల డిగ్రీలు దాటిన వేడి కావాలి. కారును ఆ వేడికి గురిచేస్తే పట్టించడానికి కారు మిగలదు. చీరాల, వాడరేవు వైపు ఉప్పుగాలి కొరికేదైనా కిందినుంచీ, డోర్ల అంచులనుంచీ కొరుకుతుంది. బానెట్ మెరుపు దానికి లెక్కలేదు.

రాళ్ళదెబ్బకు నిజంగా అడ్డుపడేది పీపీఎఫ్ ఒక్కటే. 150 నుంచి 200 మైక్రాన్ల పాలీయురిథేన్ పొర. వియత్నాం యుద్ధకాలంలో హెలికాప్టర్ రెక్కల అంచులు ఇసుకకు అరిగిపోకుండా కాచిన ఫిల్ముల వంశం అది. చిన్నగీతలు ఎండవేడికి వాటంతటవే సర్దుకుంటాయి, వేడికి గుంటూరులో కొదవలేదు. కానీ బండంతా అంటించాలంటే లక్ష దగ్గర మాట. పదహారో నంబరు హైవేమీద రోజూ తిరిగేవాడు బంపర్‌కూ, బానెట్ ముందంచుకూ వేయించుకుంటే దానికో అర్థం ఉంది. సెరామిక్‌కూ అంతే. నీడలేని చోట బండిపెట్టి, తన చేత్తో తానే కడుక్కునే ఓపికున్నవాడికి సుఖం. రక్షణ కవచమనుకుని కొంటేనే నష్టం.

మావయ్య అంతా విన్నాడు. ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. అది చూసి ఇంటిల్లిపాదీ భయపడ్డారు.

మొన్న దసరాకు కూతురికి కారు కొనడానికి అందరూ కలిసి షోరూమ్‌కు వెళ్ళారు. కుర్రాడు కొత్తవాడు, పాట పాతదే. సెరామిక్ అయింది, అద్దాలకు ఒక కోటింగ్, అలాయ్ చక్రాలకు ఒకటి, సీట్లకు ఒకటి. మావయ్య చివరిదాకా విని, చొక్కా చెయ్యి మోచేతిదాకా మడిచాడు.

"మచ్చు చూపించు."

కుర్రాడికి అర్థం కాలేదు. బయట ఎండలో నిలబెట్టిన డెమో కారు చూపించి మావయ్య విడమరిచి చెప్పాడు. దాని బానెట్‌కు సగం పూత వెయ్యాలి, సగం వదిలెయ్యాలి. ఇక్కడి బోరునీళ్ళతోనే కడగాలి. వేసవి దాటాక తాను వచ్చి రెండు సగాలూ చేత్తో చూస్తాడు. "సరుకు లోపలిదాకా చూడకుండా ఎట్టా కొంటావయ్యా? ముప్ఫై ఏళ్ళుగా యార్డులో ఉన్నా, నాకెవడూ ఇట్టా అమ్మలేదు."

కుర్రాడు మేనేజర్ని పిలుచుకొచ్చాడు. మేనేజర్ సెరామిక్ ఊసెత్తకుండా బంపర్‌కు ఫిల్మ్ ఉచితంగా వేయిస్తామన్నాడు. మావయ్య బానెట్ ముందంచు, అద్దాల వెనకవైపు, డోర్ హ్యాండిళ్ళ గుంటలు కూడా కలపమన్నాడు. మేనేజర్ అద్దాలదాకా వచ్చి ఆగాడు. మావయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. మేనల్లుడు, కూతురు, అల్లుడు భోజనం చేసి తిరిగొచ్చేసరికి బేరం నాలుగు హ్యాండిళ్ళలో రెండింటి దగ్గరుంది.