దుంగ సూత్రానికి టీక

మూలం: "అదిగో, ఆ దుంగ నాది. ఎవడూ ముట్టుకోకండి."

అవతారిక: గోదావరికి ఎర్రనీళ్లొచ్చి, భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరి, మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడిన శుభవేళ, ఇస్త్రీ లుంగీ కట్టిన ఒక పెద్దమనిషి కరకట్టెక్కి, నడిఏట్లో కొట్టుకుపోతున్న మద్దిమానును ఉద్దేశించి, చూపుడు వేలు సాక్షిగా పలికిన సూత్రమిది. 48కి రెండో హెచ్చరిక, 53కి మూడోది ఉన్నాయి గానీ సూత్రకారుడు అంతదాకా ఆగడు. ఆగితే పక్కవాడి వేలు లేస్తుంది.

టీక: "అదిగో", "ఆ", "దుంగ" అనే పదాలు సుగమం. బాలురకు విడిచిపెడుతున్నాం. చిక్కంతా "నాది" దగ్గర.

ఒక వస్తువు "నాది" ఎప్పుడవుతుంది? గౌతమ ధర్మసూత్రాలు వారసత్వం, కొనుగోలు, పంపకాలతోపాటు పరిగ్రహాన్నీ లెక్కపెట్టాయి. కల్యాణి చాళుక్యుల కాలంనాటి విజ్ఞానేశ్వరుడు మితాక్షర అనే ధర్మశాస్త్ర వ్యాఖ్యలో ఆ పరిగ్రహాన్ని వివరిస్తూ, అంతకుముందు ఎవరిదీ కాని నీళ్లు, గడ్డి, కట్టెలు వగైరాలను స్వీకరించడమన్నాడు. కట్టెలు! అన్నదమ్ములు మాన్యాలు పంచుకునే గంభీర ఘట్టంలో ఆ మహానుభావుడికి పొయ్యిలోకి కట్టె గుర్తొచ్చింది. నేనాయనకు దాసోహమన్నది అక్కడే. అంతటితో ఆగాడా? స్వత్వం శాస్త్రంవల్ల పుడుతుందా, లోకవ్యవహారంవల్లా అని పెద్ద చర్చ లేవదీసి, శాస్త్రం మొహం చూడని మారుమూలవాళ్లు కూడా కొంటున్నారు, అమ్ముతున్నారు, కాబట్టి లోకంవల్లే అని తేల్చాడు. పండితుడై ఉండి సంతకు వెళ్లి చూసొచ్చినట్టు మాట్లాడటం ఎంత అరుదు! ఈ గ్రంథాన్నే 13వ శతాబ్దంలో కేతన తెలుగు పద్యాల్లోకి దించాడు. పొలంగట్టు తగాదాను సీసపద్యంలో పెట్టగలిగిన జాతి మనది. అనవసరమైన మాట చెప్పనని మెదక్ సీమకు చెందిన వ్యాఖ్యాత మల్లినాథసూరి శపథం పట్టాడట. మాకా శపథం లేదు. ఎక్కడున్నాం? దుంగ దగ్గర.

పూర్వపక్షం: పరిగ్రహమంటే పట్టుకోవడం కదా, వేలు చూపిస్తే చాలుతుందా?

సమాధానం: చాలదు. పట్టుకునేవాడు వేరే ఉన్నాడు. నడుముకు మోకు బిగించి దూకిన కుర్రాడు. వరదలో మాను పైకి కనిపించేది కొంతే, కొమ్మలు చాలావరకు నీటి అడుగునుంటాయి. సుడిలో ఒక్క పొర్లు పొర్లిందంటే మనిషి దాని కిందికి పోతాడు. కొమ్మలకు చుట్టుకున్న పాముల సంగతి సరేసరి. ఇంతా చేసి ఒడ్డుకు లాగితే వాడికి దక్కేది బీడీ కట్ట, నాలుగు రెమ్మలు. వాళ్లమ్మ మూడు రాళ్ల పొయ్యి మీద వండుతుంది. పెద్దమనిషి వంటింట్లో గ్యాసు బండలు రెండు. ఆ మాను ఆయన పెరట్లో "భోగికి పనికొస్తుంది" అన్న బిరుదుతో చెదలు పట్టేదాకా పడుంటుంది. పోనీ, ఆ రెమ్మలైనా సరిగ్గా ఇచ్చి చావరు.

విశేషం: 1927 నాటి భారత అటవీ చట్టం 45వ సెక్షన్ ప్రకారం నీటిలో కొట్టుకొచ్చిన కలప, ఎవరైనా హక్కు రుజువు చేసుకునేదాకా సర్కారుదే. అడవినంతా తనదని రాసుకున్న తెల్లవాడికి ఏరు అడ్డమా! అయినా, ఒడ్డుకు చేర్చినందుకు ఎంత చెల్లించాలో నిబంధనలు చేసుకోవచ్చని 51లో ఒక ముక్క పెట్టాడు. ఆపాటి ఆలోచన మన కరకట్ట మీద పుట్టలేదు.

"ఎవడూ ముట్టుకోకండి": ఈ "ఎవడూ"లో ఈదే కుర్రాడు చేరడు. చేరితే దుంగ రాదు. ఇటువంటి మినహాయింపును మీమాంసకులు పర్యుదాసమంటారు. మినహాయింపు దుంగ గట్టు తాకేవరకే. తాకిన మరుక్షణం నిషేధం వాడికీ వర్తిస్తుంది.

తాత్పర్యం: దూకరా.

పాఠాంతరం: అటవీశాఖ జీపు కరకట్ట ఎక్కినప్పుడు "ఆ దుంగ నాది" అన్నచోట "ఆ దుంగ వాడిది" అనే పాఠం వినిపిస్తుంది. వేలు కుర్రాడి వైపు తిరుగుతుంది. రెండూ సూత్రకారుడి నోటి నుంచి వెలువడ్డవే కనుక రెండూ గ్రాహ్యాలే.