షరతుల విభాగానికి ఒక తెలుగు పండితుడి మనవి

ఇంగ్లీషు వ్యాకరణ సర్వాధికారి గారికి,
షరతు వాక్యాల విభాగం.

అయ్యా,

హైస్కూల్లో ముప్ఫయ్యేళ్లు తెలుగు చెప్పి రిటైరయినవాణ్ణి. ఇప్పుడు ఎనిమిదో తరగతి మనవరాలి దగ్గర ఇంగ్లీషు నేర్చుకుంటున్నాను. పోయినవారం మీ ‘ఇఫ్’ దాకా వచ్చి ఆగిపోయాం.

తగాదా వానతో మొదలైంది. "రేపు వాన పడితే నేను రాను" అన్నదాన్ని ఇంగ్లీషులో రాయమంది పిల్ల. రేపటి సంగతి కదా అని రెండువైపులా ‘విల్’ పెట్టాను. ఎర్రపెన్నుతో మొదటిది కొట్టేసింది. ‘ఇఫ్ ఇట్ రెయిన్స్’ అనాలట. వాన రేపటిది, క్రియ ఇవాళ్టిది! సరేనని అలవాటు చేసుకున్నానో లేదో, ఫోన్లో ఎవరో మర్యాదస్తుడు ‘ఇఫ్ యు విల్ వెయిట్ ఎ మినిట్’ అన్నాడు. అక్కడ చెల్లుతుందట. అది కాలం కాదట, మన ఇష్టాన్ని అడగడమట. ఈ సంగతి ముందే నోటీసు బోర్డులో పెట్టకూడదా?

మా ‘పడితే’కి అసలు కాలమే లేదు. పడి, పడుతూ, పడితే, పడినా అన్నీ అసమాపక క్రియలే. కాలం సంగతి వాక్యం చివరున్న క్రియ చూసుకుంటుంది. ఈ ‘పడితే’ని మేం చేదర్థకం అంటాం. సంస్కృతంలో ‘చేత్’ అంటే మీ ఇఫ్ లాంటిదే. పేరు వింటే పిల్లలు బెదురుతారు గానీ, గోరుముద్దల నాడే వాళ్ల చెవిన పడేది అదే: "ఈ ముద్ద తింటే చందమామని చూపిస్తా."

మాలో ఇరుకు లేదనను. "అమ్మ వస్తే చెప్తా" అంటుంది మనవరాలు. వాళ్లమ్మ రోజూ ఆరింటికి ఆఫీసు నుంచి వస్తుంది. దీన్ని ఇఫ్‌తో చెబితే ఆవిడ ఇంటికి రావడమే అనుమానమన్నట్టుంటుంది, ‘వెన్’ అనాలి. మాకు రెండిటికీ ఒకటే ‘తే’. వాన వస్తే గొడుగు తీసుకో అన్నచోటా, అత్తకు మీసాలొస్తే మామ అన్నచోటా అదే ‘వస్తే’. మీసాలు రావని వినేవాడికి తెలుసు, క్రియకు తెలియనక్కర్లేదు. మీరు క్రియతోనే చెప్పిస్తారు. జరగనిదాన్ని ఒక మెట్టు వెనక్కి, గడిచిన కాలంలోకి నెడతారు. ఇప్పటి ముచ్చటైతే ‘హ్యావ్’ కాస్తా ‘హ్యాడ్’, నిన్నటిదైతే ‘హ్యాడ్ హ్యాడ్’. తెలివైన ఏర్పాటే. షరతు వాక్యాలకు సున్నా, ఒకటి, రెండు, మూడు అని రైల్వే ప్లాట్‌ఫారాల్లా నంబర్లెందుకో! పిల్ల నంబర్లన్నీ గడగడా అప్పజెబుతుంది. ఏ బండి ఎక్కడ ఆగుతుందో చెప్పలేదు.

అసలు ఫిర్యాదు ఇంకా రాయలేదు. మొన్న శుక్రవారం ‘వుడ్’ పాఠం. "మా నాన్న రోజూ చెరువుకు వెళ్లేవాడు." "బస్సు దొరికి ఉంటే మా నాన్న ఆ పెళ్లికి వెళ్లేవాడు." మొదటి ‘వెళ్లేవాడు’ ఏళ్ల తరబడి జరిగింది. రెండోది జరగనే లేదు. మాట మాత్రం ఒకటే. ఇంగ్లీషులోకి మార్చి చూస్తే అక్కడా రెండుచోట్లా ‘వుడ్’! రెండోదానికి ‘హ్యావ్ గాన్’ అనే తోక, అంతే. ఏ చుట్టరికమూ లేని రెండు భాషలు, పాత అలవాటునీ జరగని పనినీ ఒకే మాటలో పెట్టుకున్నాయి. పుస్తకం మూసేసి పెరట్లోకి వెళ్లి కాసేపు నిలబడ్డాను.

ఎందుకంటే నేను పనిచేసిన బడిలో రెండో పీరియడు తెలుగు, మూడోది ఇంగ్లీషు. నేను చేదర్థకం రాసి చెరిపేసిన బోర్డు మీదే ఇంగ్లీషు మాస్టారు ఇఫ్ క్లాజ్ రాసేవారు. సుద్దముక్క కూడా నేను వదిలేసిందే. ఆయన నన్ను అడగలేదు, నేను ఆయనకు చెప్పలేదు. పిల్లలు ‘అన్‌లెస్ యు డోంట్ కమ్’ అని రాస్తే ఇంటూ కొట్టి ఊరుకునేవారు. ‘రాకపోతే’లో ఉన్న ‘లేదు’ని పిల్లవాడు జాగ్రత్తగా మోసుకొచ్చాడు, ‘అన్‌లెస్’ కడుపులో అది ముందే ఉందని వాడికి తెలియదు. ఆ ముక్క చెప్పగలిగినవాణ్ణి స్టాఫ్ రూములో ఆయన పక్క కుర్చీలోనే కూర్చునేవాణ్ణి. చెప్పి ఉంటే... దీన్ని మీ మూడో ప్లాట్‌ఫారం మీద పెట్టుకోండి.

కనుక మనవి ఏమనగా, మా పిల్లలకిచ్చే పుస్తకంలో ఇఫ్ పాఠానికి ముందు ‘చేస్తే, చేసి ఉంటే, చేసేవాడు’ అని మూడు మాటలు అచ్చు వేయించండి. ఖర్చు ఒక్క వరుస.

ఇంతవరకూ రాసి మనవరాలికి చూపించాను. "ఇది ఎవరికి పంపుతావు తాతయ్యా?" అంది. ఫ్రెంచివాళ్లకు 1635 నుంచీ భాషకో అకాడమీ ఉందట. ఇంగ్లీషుకూ అలాంటిది కావాలని 1712లో జొనాథన్ స్విఫ్ట్ అచ్చేసి మరీ అడిగాడట, ఎవరూ పెట్టలేదట. అంటే, అయ్యా, తమరు లేరు. నేనేమో స్టాంపు కూడా అంటించేశాను.

అయినా మర్యాద మర్యాదే. తమరు జవాబు రాస్తే ధన్యుణ్ణి.

పిల్ల ఆ ‘రాస్తే’ కింద ఎర్రగీత గీసి, పక్కన 2 అని వేసింది.

ఇట్లు,
విశ్రాంత తెలుగు పండితుడు