మెడల పిన్ని

ప్రతి బంధువర్గంలోనూ ఒక మెడల పిన్ని ఉంటుంది. పెళ్లిపందిట్లో అందరూ అమ్మాయిల మెడలో నగ చూస్తే, ఈవిడ నగ కింద మెడ చూస్తుంది. వెనక వరసలో కూర్చునేదే అందుకు. జడ పక్కకి జరిగిన పిల్ల దొరికిందంటే చాలు, చూపుడువేలు తడిచేసి మెడ మీద గబుక్కున రుద్ది, వేలు చూసుకుంటుంది. వేలికి ఏమీ అంటదు. అయినా తీర్పు మారదు.

"మట్టే అమ్మడూ! తలంటుకున్నప్పుడు మెడ వదిలేస్తున్నావు."

పిన్ని వైద్యమంతా ఒకే సూత్రం మీద నడుస్తుంది: నల్లగా ఉన్నది తోమితే తెల్లబడాలి. ఇత్తడి బిందెల దగ్గర ఈ సూత్రం ఎన్నడూ తప్పలేదు మరి. అందుకని సున్నిపిండి, నిమ్మచెక్క, వంటసోడా, టూత్‌పేస్టు, ఆఖరికి కొబ్బరిపీచు కూడా అక్కచెల్లెళ్ల పిల్లల మెడలెక్కాయి. నిమ్మరసం పూసుకుని ఎండలోకెళ్లిన అక్క కూతురికి మెడంతా బొబ్బలొస్తే, "లోపలి మురికి బయటికొస్తోంది, మంచిదే" అంది. చిట్కా పనిచేస్తే పిన్ని ఘనత, వికటిస్తే మురికి ఘనత.

ఈ ఏలుబడికి గండి కొట్టింది ఆ అక్క కూతురే. నెలసరి తప్పుతోంది, గడ్డం మీద వెంట్రుకలొస్తున్నాయి, మెడ మీద చర్మం నల్లగా మందమెక్కుతోంది. మూడూ కలిపి చర్మవైద్యురాలికి చెప్పింది. తోడెళ్లిన పిన్ని "మట్టేనండీ" అని డాక్టరమ్మకి సాయం చేయబోయింది.

"మట్టి కాదండీ, అకాంథోసిస్ నైగ్రికాన్స్" అంది ఆవిడ. శరీరం ఇన్సులిన్ మాట సరిగా వినకపోతే క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుందట. ఆ ఎక్కువైనది మెడ దగ్గరా చంకల్లోనూ చర్మకణాల్ని తొందరపెట్టి పెంచుతుంది, అండాశయాల చేత మగ హార్మోన్లూ ఎక్కువ చేయిస్తుంది. పీసీఓఎస్ ఉన్న అమ్మాయిల్లో ఇది తరచూ కనిపించేదే. తోమితే ఆ ఒరిపిడికి ఇంకా నల్లబడుతుంది.

ముందు షుగరు పరీక్షలు రాసింది. మెడకి రాసింది మాత్రం నాలుగే ముక్కలు: ఘాటులేని సబ్బు, వారానికి రెండు మూడు రాత్రులు బఠాణీ గింజంత అడాపలీన్ క్రీము, దానిపైన యూరియా కలిసిన మాయిశ్చరైజర్, పగలు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్. కడుపుతో ఉన్నా, ఆ ఆలోచన ఉన్నా అడాపలీన్ జోలికి వెళ్లొద్దంది. బరువు ఎక్కువున్నవాళ్లు 5 నుంచి 10 శాతం తగ్గినా లోపల ఇన్సులిన్ దారికొస్తుందనీ, మెడ తేటపడ్డానికి నెలలు పడుతుందనీ చెప్పింది.

"తోమేదేమీ లేదా అండీ?" అని పిన్ని దీనంగా అడిగింది.

ఇంకొకరైతే ఆ దెబ్బతో నోరు కట్టుకునేవారు. పిన్ని మతం మార్చుకుంది గానీ ప్రచారం మానలేదు. ఒకప్పుడు "కట్నమెంత?" అని ఆరా తీసిన గొంతుతోనే ఇప్పుడు "హెచ్‌బీఏ1సీ ఎంత?" అంటోంది. ఆ షుగరు పరీక్షలో 5.7 నుంచి 6.4 దాకా షుగరుకు ముందు మెట్టు, 6.5 నుంచి షుగరే అని వంటవాళ్లక్కూడా కంఠతా వచ్చేసింది. మొన్నొక పెళ్లిలో బావగారి మెడ చూసి, ఆయన విస్తట్లో జాంగ్రీ తీయించేసింది. తిట్టుకుంటూ పరీక్షకెళ్లిన ఆయనకి 6.1 వచ్చింది. అప్పట్నుంచీ ఆయన పిన్నిని దేవతంటాడు. పిన్ని కాదనదు.

"మరి నీ మెడ సంగతేంటి పిన్నీ?" అంది అక్క కూతురు ఒకరోజు.

పిన్ని కొంగు నిండుగా కప్పుకుంది.

"నాదా? అది పుస్తెలతాడు ఒరిపిడి అమ్మడూ! అయినా పరీక్షంటావా, ఈ శ్రావణమాసం పేరంటాలు కానీ. ఇప్పుడు చేయిస్తే బూరెలన్నీ లెక్కలోకొచ్చేస్తాయి."