ఏం గాదు సారూ, ఫార్మాట్ కొడ్దాం!

జడ్చర్లలో మనిషికి జ్వరమొస్తే ఇంకా రక్తపరీక్ష రాస్తున్నారు, అదే పదివేలు. కంప్యూటర్‌కు ఆ భాగ్యం లేదు. బాదేపల్లి నుంచి సిగ్నల్‌గడ్డ దాకా దానికి ఒకటే మందు. హ్యాంగయితే ఫార్మాట్, ప్రింటర్ పలక్కపోతే ఫార్మాట్, స్పీకర్ మూగబోతే ఫార్మాట్.

పాత డబ్బా మీద లినక్స్ ఎక్కించుకున్నవాడి గతి మరీ అధ్వాన్నం. ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌లో మెనూ, గడియారం ఉండే ప్యానెల్ లాగిన్ కాగానే కూలుతుంది. ఒక్కోసారి తెర మీద చిన్న పెట్టె కూడా వస్తుంది: ఫలానా ప్లగిన్ ఉన్నట్టుండి ప్యానెల్ వదిలిపోయింది, మళ్లీ నడపాలా, తీసేయాలా? నొప్పెక్కడో రోగే చెబుతున్నాడు. షాపులోని వైద్యుడు ఆ పెట్టె మూసేసి, "లినక్స్ అంటే గిట్లనే ఉంటది సారూ. ఏం గాదు, విండోస్ కొడ్తా" అని పెన్‌డ్రైవ్ తీస్తాడు. ఆ విండోస్‌కు లైసెన్స్ ఏదని మాత్రం అడక్కండి, మర్యాద కాదు.

పోనీ లినక్స్ పండితుణ్ని అడుగుదామా? ఆయన హైదరాబాద్‌లో ఉంటాడు, ఫోన్‌లోనే తీర్పిస్తాడు: "మింట్ వద్దు, డెబియన్‌కు మారు." ఆయనే దసరాకు డెబియన్ వదిలి ఫెడోరాకు, ఉగాదికి ఫెడోరా వదిలి ఆర్చ్‌కు మారాడు. అన్నీ లినక్స్‌లో రకాలే. ఇదీ ఫార్మాటే, కాకపోతే ఇంగ్లిష్ మీడియం.

చేయాల్సింది ఇంతే. కొత్త యూజర్‌ను సృష్టించి లాగిన్ అవ్వండి. అక్కడ ప్యానెల్ నిలబడితే సిస్టం దివ్యంగా ఉంది, చెడింది మీ సెట్టింగులు. లాగౌట్ చేసి, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే నల్లతెర వస్తుంది. మీ పేరుతో లోపలికెళ్లి, డాట్ కాన్ఫిగ్‌లోని ఎక్స్‌ఎఫ్‌సీఈ4 ఫోల్డర్ పేరు మార్చండి. కంప్యూటర్ రీస్టార్ట్ చేసి మళ్లీ లాగిన్ అయితే ప్యానెల్ కొత్తగా పుడుతుంది. పిల్లల ఫొటోలు, పహాణీ స్కాన్లు ఎక్కడివక్కడే. కొత్త యూజర్‌లోనూ పడిపోతే జర్నల్‌సీటీఎల్‌తో సిస్టం లాగ్ తెరిచి, పడిన నిమిషం దగ్గర ఏం రాసుందో చదవాలి. సెగ్‌ఫాల్ట్ అనే వాక్యంలో చాలాసార్లు ఏ లైబ్రరీలో పడిందో పేరుతో సహా ఉంటుంది.

కానీ చదివినందుకు ఎవరూ డబ్బులియ్యరు, ఫార్మాట్ కొట్టినందుకు ఇస్తారు. అసలు కిటుకు అక్కడుంది. ఆ రేటు కట్టింది మనమే.

తప్పెక్కడుందో వెతికితే ఏమవుతుందో చూడండి. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరం, కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తును వెంటేసుకుని నోటిఫికేషన్‌లో వస్తే ఐఫోన్ హోంస్క్రీనే కూలిపోయేది. ఆపిల్ ఆ తప్పు పట్టుకుని, అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 అనే చిన్న అప్‌డేట్‌తో సరిచేసింది. ఆ కేసు మన చౌరస్తాకు వచ్చి ఉంటే ఫోన్‌తో పాటు తెలుగును కూడా ఫార్మాట్ కొట్టేవాళ్లు.

ఈసారి షాపుకు పోతే ఒక్క మాట అడగండి: "లాగ్ చూసినవా అన్నా?" చూసినోడికి ఫార్మాట్ రేటే ఇయ్యండి, ఇంకో యాభై ఎక్కువైనా ఇయ్యండి. చూడనోడి దగ్గర సీపీయూ వదలకండి.