సప్పుడు ద్విపద: టీకా తాత్పర్య సహితం

మూలం

ఏఎల్‌సాఫ్ట్_లాగ్‌లెవెల్=3
ఏఎల్‌సాఫ్ట్_లాగ్‌ఫైల్=సప్పుడు.టెక్స్ట్

అవతారిక

జనగామలో ఒక శిష్యుడు లినక్స్ కంప్యూటర్ మీద సూపర్‌టక్స్‌కార్ట్ తెరిచెను. బండి ఉరుకుతున్నది, టైర్లు జారుతున్నవి, చెవికి ఏదీ చేరదు. "అన్నా, ఆట నడుస్తున్నది గని సప్పుడే వస్తలేదు" అని వాపోయెను. స్పీకరు వైరు ఊడదీసి పెట్టుట, వాల్యూం పెంచుట, రీస్టార్ట్ కొట్టుట అను త్రివిధోపాయములు విఫలమైన పిమ్మట వ్యాఖ్యాత ఈ ద్విపదను ఉపదేశించుచున్నాడు. జనగామ జిల్లా పాలకుర్తి, ద్విపదలో బసవపురాణం చెప్పిన సోమనాథుని ఊరు. ఆ నేల మీద రెండు పాదాలను చిన్నచూపు చూడరాదు.

ప్రతిపదార్థం

ఏఎల్‌సాఫ్ట్ = ఓపెన్‌ఏఎల్ సాఫ్ట్ అను ధ్వని లైబ్రరీ యొక్క. (2007లో పాత ఓపెన్‌ఏఎల్ నుండి చీలి వచ్చినది. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ పలికేదీ దీని గొంతుతోనే.)

లాగ్‌లెవెల్ = నోరు విప్పు పరిమితి. సున్న అయినచో మౌనం, 1 అయినచో తప్పులు, 2 అయినచో హెచ్చరికలు కూడా, 3 అయినచో కడుపులో ఉన్నదంతా. ఆధారం లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని ఒట్టు పెట్టుకున్న కొలిచెలమ మల్లినాథసూరిది ఒకటో అంకె. ప్రస్తుత వ్యాఖ్యాతది మూడు.

లాగ్‌ఫైల్ = ఆ మాటలు పడు పాత్ర. ఇది లేనిచో మాటలు టెర్మినల్‌కు పోవును. ఐకాన్ నొక్కి తెరిచిన ఆటకు టెర్మినల్ ఎదురుగా ఉండదు గనుక అవి కంటబడవు.

ఛందస్సు

సమానచిహ్నానికి ఇరువైపులా ఖాళీ ఉండరాదు. ఉన్నచో యతిభంగం, షెల్లు ఆ పేరును ఒక ఆజ్ఞగా భ్రమించి, అట్టిది దొరకలేదని కసరును. కీబోర్డు మీద పేర్లన్నీ ఇంగ్లిషు పెద్ద అక్షరాలలో కొట్టవలెను. లినక్స్‌లో చిన్న అక్షరం పడినచో అది వేరే పేరు.

పాఠాంతరం: ముందు "ఎక్స్‌పోర్ట్" చేర్చి చదువుట లినక్స్ సంప్రదాయం. విండోస్ కమాండ్ ప్రాంప్ట్ వారు "సెట్" అని చదువుదురు.

శంకా సమాధానాలు

మానుకోట శిష్యుని శంక: "ఆట నడుస్తుండంగనే పెడితే కాదా?"

కాదు. ప్రోగ్రాం పుట్టేటప్పుడు తల్లి వద్దనున్న విలువల నకలు తెచ్చుకొనును. తర్వాత తల్లి దగ్గర మారినది బిడ్డకు చేరదు. మీ మహబూబాబాద్, ఇతని జనగామ, ఆ భూపాలపల్లి 2016 అక్టోబరు 11న ప్రధానంగా పాత వరంగల్ జిల్లా నుంచి వేరుపడలేదా? ఆ నాడు చేతికందిన ఫైలే వాటా. మరునాడు హన్మకొండ బీరువాలో చేరిన కాగితం దానంతటదే మానుకోటకు నడిచి రాదు. కనుక ముందు ద్విపద, అదే టెర్మినల్ నుంచి తర్వాత ఆట.

భూపాలపల్లి శిష్యుని శంక: "అన్నీ చేసిన, ఫైలే పుట్టలేదు."

అయితే సాధారణముగా రెండు కారణములు. ఆ విలువలు ఆట దాకా చేరలేదు. లేదా ఆ ఆట వేరే లైబ్రరీతో పలుకుచున్నది. రెండవదైనచో ఈ టీక దానికి వర్తించదు. అపాత్రదానం కూడదు.

జనగామ శిష్యుని శంక: "ఫైలు వచ్చింది. తప్పు అని ఏడ రాసి లేదు. మరి సప్పుడెందుకు రాదు?"

ఇదియే ఈ గ్రంథమునకు ఆయువుపట్టు. ఓపెన్‌ఏఎల్ సాఫ్ట్ పల్స్, ఆల్సా మొదలగు డ్రైవర్ల గడపలు వరుసగా తట్టును. ఎవరూ పలకనిచో చివరన "నల్" అను ఉత్తుత్తి డ్రైవరుకు పని అప్పగించును. దాని పరికరం పేరే "నో అవుట్‌పుట్". అది ధ్వనిని తీసుకొని ఎక్కడికీ పంపదు. ఆట దృష్టిలో పాట మోగుచున్నట్లే, కనుక ఫిర్యాదు లేదు. తప్పు కొరకు గాక, ప్లేబ్యాక్‌కు ఎవరి పేరు చేర్చబడినదో వెదకుము. "నల్" అని ఉన్నచో స్పీకరును తిట్టకుము. ఏఎల్‌సాఫ్ట్_డ్రైవర్స్ అను మూడవ పాదంతో ఆల్సానో పల్స్‌నో పేరు పెట్టి పిలిచి చూడుము.

విశేషాంశం

ఆట తెరిచిన ప్రతిసారీ లాగ్‌ఫైల్ మొదట తుడిచివేయబడును. పాతది కావలెనన్నచో ముందే పేరు మార్చి దాచుకొనవలెను. సెట్టింగుల ఫైలు ఎక్కడ వెదికినదో కూడా లైబ్రరీ రాసిపెట్టును గనుక హోం ఫోల్డరు పేరు, దానితో లాగిన్ పేరు, అందులో కనబడును. నలుగురికి పంపే ముందు ఆ లైన్లు చూసుకొనవలెను.

తాత్పర్యం

ఆట ఊరకుంటే దానికేమీ తెలియదని కాదు, అడిగినవాడు లేడని. అడగవలసిన సమయం ఆట మొదలవక ముందు. వచ్చిన జవాబులో ఎవరు తప్పు చేశారో కాదు, పని ఎవరికి అప్పగించారో చదవాలి. పని తీరినాక "అన్‌సెట్" చెప్పాలి. లేనిచో మూడో అంకె వ్యాఖ్యాత ఆ టెర్మినల్ మూసేదాకా ప్రతి ఆటకూ టీక రాస్తూనే ఉంటాడు, చదివేవారున్నా లేకున్నా.