మా గోడకు నవరంధ్రాలు

మనిషి దేహానికి తొమ్మిది రంధ్రాలంటారు పెద్దలు. కూకట్‌పల్లిలో మేం అద్దెకిచ్చే పోర్షన్ హాలు గోడకు ఆ కోటా మొదటి ఏడాదే దాటిపోయింది. టీవీకి, సెటాప్ బాక్సు అరకు, గడియారానికి, ఆ గడియారం అక్కడ నప్పలేదని పక్కనే ఇంకోటి. ఏసీ పైపు కోసం కొట్టిన కన్నంలో ఇప్పుడు పావురాలు కాపురం పెట్టాయి. అవి అద్దె కూడా ఇవ్వవు.

దిగేటప్పుడు అందరూ బుద్ధిమంతులే. "మేకు కూడా కొట్టమండీ" అంటారు. నిజమే, డ్రిల్లు పెట్టేవాళ్లకు మేకుతో పనేముంది?

"హాల్లో ఈ టైలు పగిలిందేంటమ్మా?"

"పాలు పొంగించిన రోజు కొబ్బరికాయ కొట్టాం అంకుల్. మీ ఇంటికే మంచిది!"

దేవుడు అడ్డొచ్చాక ఇంకేం మాట్లాడతాం? పగిలిన ముక్క పట్టుకుని తిరిగిన ప్రతి షాపులోనూ ఒకటే మాట: "ఆ డిజైన్ ఆగిపోయింది సార్." దగ్గరి రంగుది వేయిస్తే హాలు మధ్యలో ప్యాంటు మోకాలికి వేసిన మాసికలా కనిపిస్తోంది.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను ప్రకారం ఇల్లు ఎలా తీసుకున్నారో అలాగే అప్పగించాలి, సహజమైన అరుగుదల తప్ప. ఆ ముక్క రాసిన దొరలు మన పోపు చూసినట్టు లేరు. స్టవ్ వెనక గోడ నిండా ఆవాలు అతుక్కుని చుక్కల ముగ్గయింది. ఇది సహజమా అని నేనడిగితే, "మన వంటింటి గోడ చూశారా ఎప్పుడైనా?" అంటూ మా ఆవిడ వాళ్ల పక్షం చేరింది.

2021లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం కొంచెం నయం. గోడలకు సున్నం, తలుపులకు రంగు ఓనరు ఖాతా. స్విచ్చులు, సాకెట్లు, పగిలిన కిటికీ అద్దాలు అద్దెవాళ్ల ఖాతా. (రాష్ట్రాలు చట్టం చేసుకుంటేనే సుమా, లేకపోతే అది వట్టి కాగితం.) గోడ మీద పిల్లాడు క్రేయాన్‌తో గీసిన డైనోసార్ ఎవరి ఖాతానో మాత్రం అందులో లేదు. సున్నం కిందికొస్తుంది కాబట్టి నాదేనని వాడి తండ్రి తేల్చేశాడు.

అందుకే ఈసారి అడ్వాన్సు తీసుకునేముందు గది గదికీ వీడియో తీశాను. కొత్త కుర్రాడు తనూ ఫోను తీసి నా వెనకే నడిచాడు. నేను మెరిసే సింకును తీస్తుంటే అతను దాని పైన కారుతున్న కుళాయిని తీశాడు. వాషరు మారిస్తేగానీ పదకొండు నెలల అగ్రిమెంటు మీద సంతకం పెట్టనన్నాడు.

మార్పించాను.