వెనక యాక్సిలు సంజీవని (టీకా తాత్పర్య సహితము)

అవతారిక

కొలిచాలమ మల్లినాథసూరి మెదకు సీమలో కూర్చుని కాళిదాసుకు సంజీవని రాశాడు. వేదం వేంకటరాయశాస్త్రిగారు ఆముక్తమాల్యదకు సంజీవని రాశారు. నాకు దొరికిన మూలం మాత్రం గులాబీరంగు కార్బన్ కాపీ. ఒక మూల గ్రీజు వేలిముద్ర, ఇంకో మూల టీ గ్లాసు వలయం, నడుమ బాల్‌పెన్నుతో ఐదు వాక్యాలు. కర్త అజ్ఞాతుడు. కాలం మొన్నటి టమాటా సీజను. దేశం తిరుపతి నుంచి రేణిగుంట పోయే దారిలో ఒక సర్వీసు సెంటరు, పేరు అనవసరం.

బండి మా బావమరిదిది. మదనపల్లెలో టమాటా ట్రేలు ఎత్తుకొని, పీలేరు మీదుగా భాకరాపేట ఘాటు దిగి తిరుపతి చేరే పాత పికప్పు. "బావా, అంతంత పద్యాలకు అర్థం చెప్తావు గదా, దీనికి జెప్పు" అని కాగితం చేతిలో పెట్టి పోయినాడు.

మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని మల్లినాథుడు ప్రతిజ్ఞ పట్టాడు. అందులో మొదటి సగానికి నేనూ కట్టుబడతాను. రెండో సగం తెలుగు పండితుడి వల్ల అయ్యే పని కాదు.

మూలము

"వెనుక యాక్సిలు ఎడమ వైపు ఆయిల్ సీలు మార్చబడినది. స్వల్ప చెమ్మ గమనించబడినది. ప్రస్తుతానికి ఇబ్బంది లేదు. తదుపరి సర్వీసులో చూడబడును. ఓనరు రిస్కు."

టీక

వెనుక, ఎడమ, వైపు: ఇవి సుగమములు.

స్వల్ప చెమ్మ: చెమ్మ త్రివిధము. మొదటిది వాననీటి చెమ్మ. ఎండకు ఆరిపోతుంది, వ్యాఖ్య అక్కర్లేదు. రెండోది వీల్ సిలిండరు నుంచి కారే బ్రేకు ఆయిలు. ఇది పల్చన, పెయింటును తినేస్తుంది. మూడోది హౌసింగులోని తొంభై నంబరు గేరాయిలు. ఇది చిక్కన. పళ్ల మధ్య ఒత్తిడి తట్టుకోవడానికి కలిపే గంధకపు మందుల వల్ల దీనికి ఒక కంపు ఉంటుంది. అంటే ఈ మూడింటి నిర్ణయానికి కంప్యూటరు అక్కర్లేదు, ముక్కు చాలు. మా బండి ఎడమ టైరు లోపలి గోడ మీద నల్లటి చారలు, చారల మీద అట్టకట్టిన దుమ్ము. వేలితో రాస్తే జిగట మడ్డి. వాసన కుళ్లిన గుడ్డుకు దాయాది.

దీన్ని స్వల్పమన్న కవి ఏ అలంకారం ప్రయోగించాడు? కువలయానందంలో అల్పమనే అలంకారం ఒకటుంది. ఒక వస్తువు సూక్ష్మమైతే, దాన్ని మోసే ఆధారం అంతకంటే సూక్ష్మమని చెప్పడం దాని లక్షణం. విరహంలో వేలి ఉంగరం చేతికి కడియమైందనడం వంటిది. అప్పయ్య దీక్షితులు ఆ గ్రంథాన్ని వేంకటపతిరాయల కోరిక మీద రాశాడంటారు. ఆ రాయలు ఏలిన చంద్రగిరి మీదుగానే మా టమాటా బండి రోజూ పోతుంది. అయినా దీక్షితుల అల్పం ఇక్కడ పొసగదు. ఇక్కడ చిన్నబోయింది వస్తువు కాదు, చెప్పేవాడి పూచీ. లక్షణకారులు దీనికి పేరు పెట్టలేదు కనుక 'సర్వీసోక్తి' అని నేను పెడుతున్నాను.

సీలు మార్చబడినది, చెమ్మ గమనించబడినది: ఈ రెండు వాక్యాలు పక్కపక్కన ఉండటం చూసి బాలురు విరోధాభాసమనుకుంటారు. కాదు. సీలంటే ఇనుప కట్టులో బిగించిన రబ్బరు పెదవి. పెదవి వెనక సన్నటి స్ప్రింగు దండ ఉండి, తిరిగే షాఫ్టుకు దాన్ని హత్తి పెడుతుంది. బేరింగు అరిగి షాఫ్టు ఊగితే పెదవి ఒక పక్క నలుగుతుంది, ఇంకో పక్క తెరుచుకుంటుంది. కొత్త సీలు వేసినా అంతే. బేరింగు చూడకుండా సీలు మార్చితే చెమ్మ గమనించబడక ఏమవుతుంది? పైగా హౌసింగు నెత్తిన ఒక ఊపిరి గొట్టం ఉంటుంది. అది బురదతో మూసుకుపోతే, ఘాటులో ఆయిలు వేడెక్కినప్పుడు లోపలి గాలి ఉబ్బి, వేరే దారి లేక సీలు పెదవినే తోసుకుంటుంది. ఆ గొట్టం శుభ్రం చెయ్యడానికి గుడ్డపీలిక, కాస్త ఓపిక చాలు. మూలంలో దాని ప్రసక్తి లేదు. బిల్లులో 'కన్జ్యూమబుల్సు' అనే పద్దు ఉంది. గుడ్డపీలికలు అందులోకే వస్తాయనుకుంటాను.

యాక్సిలు: ఇరుసు. ఇక్కడ కొంచెం ఆగాలి. మన సాహిత్యంలో ఇరుసు రిపేరుకు ఆద్యురాలు కైక. దేవాసుర యుద్ధంలో దశరథుడి రథానికి చీల ఊడిపోతే ఆమె వేలు పెట్టి చక్రం నిలిపిందని హరికథల్లో విన్నాం. వాల్మీకంలో ఈ మాట లేదు. శంబరుడితో యుద్ధంలో మూర్ఛపోయిన భర్తను ఆమె రణరంగం నుంచి తప్పించిందని మంథర గుర్తు చేస్తుంది, అంతే. బ్రహ్మపురాణంలో ఇరుసే విరుగుతుంది, కైక చెయ్యి పెడుతుంది. మూడింటిలో ఏ పాఠం గ్రాహ్యం?

ఈ ప్రశ్నకు పండితులు ఛందస్సు చూస్తారు, శైలి చూస్తారు. బండి చూడరు. ఎద్దుల బండి ఇరుసు తిరగదు. చక్రమే దాని మీద తిరుగుతుంది. బరువంతా ఇరుసుది. చక్రం పక్కకు జారిపోకుండా ఆపడం ఒక్కటే చీల పని. అందువల్ల చీల ఊడితే కాసేపు వేలు సరిపోవచ్చు. నొప్పి వేరే సంగతి. ఇరుసే విరిగితే మాత్రం చెయ్యి కాదు గదా, కేకయ రాజ్యమంతా వచ్చి పట్టుకున్నా రథం కూలుతుంది. కనుక యంత్రశాస్త్ర దృష్ట్యా హరికథ పాఠమే సాధువు. పురాణకర్త ఎప్పుడూ బండి కింద దూరి ఎరగడు. హరిదాసు ఊరూరా ఎద్దుల బండి మీద తిరిగినవాడు. వరిగడ్డి మసిని ఆముదంలో నూరి కందెన చేయడం, బండి కింద వేలాడే గొట్టంలోంచి పుల్లతో తీసి ఇరుసుకు పట్టించడం అతను కళ్లారా చూసినవాడు. ఇరుసుకు కందెన పెట్టాలన్న ఆ మంచిమాటనే తర్వాతివాళ్లు కరణాల లంచాలకు వాడుకున్నారు. ఆ కథ ఎత్తుకుంటే టమాటా కుళ్లిపోతుంది.

అసలు విశేషం లేబరులో ఉంది. కైక చేసిన పనికి దశరథుడు అక్కడికక్కడే లెక్క తేల్చలేదు. రెండు వరాలు బాకీ పెట్టాడు, ఎప్పుడు కావాలంటే అప్పుడు అడుగుతానని ఆమె అంటే సరేనన్నాడు. ఎస్టిమేటు లేదు, రేటు లేదు, గడువు లేదు. ఆ బిల్లు అయోధ్యలో పట్టాభిషేకం ముందురోజు వచ్చింది. షెడ్డులో రేటు ముందే మాట్లాడుకోవాలని మావాళ్లు గట్టిగా పట్టుబట్టడానికి ఇంతకు మించిన ప్రమాణం ఎక్కడుంది?

ప్రస్తుతానికి ఇబ్బంది లేదు: ఇప్పటిదాకా నవ్వినవాళ్లు ఇక్కడ ఆగండి. మా పికప్పులో ఇరుసు కదలకుండా ఉండదు, షాఫ్టే చక్రంతో పాటు తిరుగుతుంది, బరువూ అదే మోస్తుంది. బేరింగు వెనక బిగుతుగా దిగిన ఒక ఉక్కు కాలరు ఉంటుంది. షాఫ్టు, చక్రంతో సహా బయటికి రాకుండా ఆపేది ఆ బేరింగూ కాలరే. కైక వేలు అంటే అదే. బేరింగు పూర్తిగా చితికిపోతే చక్రం బండిని విడిచి తన దారిన తాను పోతుంది. అంతదాకా రాకముందే ఇంకో అపాయం. సీలు దాటిన ఆయిలు డ్రమ్ములోకి దిగుతుంది, బ్రేకు లైనర్లు దాన్ని తాగుతాయి. అప్పుడు వెనక ఎడమ చక్రానికి బ్రేకు ఉండీ లేనట్టే. కుడిది పట్టి ఎడమది పట్టకపోతే బండి పక్కకు లాగుతుంది. ట్రేల నిండా టమాటాతో, భాకరాపేట ఘాటులో, వాన తుంపరలో, మలుపు దగ్గర. మూలకర్తకు ఇందులో ఇబ్బంది కనబడలేదు.

చూడబడును: ఎవరిచేత? పూర్వపక్షి అంటాడు: 'కర్తను దాచడం వినయం, శాసనాల్లో శిల్పి పేరు ఉండదు గదా' అని. ఉంటుంది. ఎన్నో శాసనాల చివర చెక్కినవాడి పేరు ఉంది, తప్పొప్పులకు పూచీగా. ఇక్కడ సీలు మార్చబడుతుంది, చెమ్మ గమనించబడుతుంది, డబ్బు మాత్రం మా బావమరిది కడతాడు. ఐదు వాక్యాలకూ కలిపి కనబడే మనిషి ఓనరు ఒక్కడే, వాడూ రిస్కు పక్కనే.

తాత్పర్యము

ఇది నా వల్ల కాలేదు. చిత్తూరులో ఒక లేత్ మేస్త్రి చెప్పాడు. జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, డ్రమ్ము ఊడదీసి, షాఫ్టు బయటికి లాగాడు. పాత బేరింగును చెవి దగ్గర పెట్టుకొని తిప్పాడు, కరకరమంది. "సీలుదేం తప్పు సామీ, ఇది ఊగతా ఉంటే అదేం జేస్తాది" అన్నాడు. నా టీక మొత్తం ఆ ఒక్క వాక్యంలో ఉంది.

కాలరును గ్రైండరుతో ముప్పాతిక మందం కోసి ఆపాడు. ఇంకాస్త పోతే షాఫ్టుకు గీటు పడుతుంది. ఉలి పెట్టి ఒక్క దెబ్బ, కాలరు చిట్లింది. సీలు పెదవి ఆనే చోట షాఫ్టు మీద గోరు నిలబెట్టి లాగాడు. గోటికి గాడి తగిలితే కొత్త సీలును రవ్వంత లోపలికి కూర్చోబెట్టాలట, పెదవి కొత్త చోట ఆనాలి. తగల్లేదు. కొత్త బేరింగును ప్రెస్సు కింద లోపలి రింగు మీదే నొక్కాడు. బయటి రింగు మీద సుత్తి వేస్తే ఆ దెబ్బ గుండ్ల మీద పడి, బేరింగు ఎక్కినరోజే చెడుతుంది. సీలు పెదవి ఆయిలు వైపు, దానికి వేలితో చెమ్మ. ఈ చెమ్మ శాస్త్రీయం. ఊపిరి గొట్టంలోంచి గట్టిపడిన ఎర్రమట్టి బిరడా ఊడింది. కుడి పక్కా విప్పాడు, రెండు పక్కలా లైనర్లు కొత్తవి వేశాడు. నూనె తాగిన లైనర్లను పెట్రోలుతో కడిగి మళ్లీ బిగించే అలవాటు అతనికి లేదు. గేరాయిలు నింపు రంధ్రం అంచుదాకా పోసి ఆపాడు. రేటు ముందే చెప్పాడు, అంతే తీసుకున్నాడు, కాగితం ఇవ్వలేదు.

పాఠాంతరము

వ్యాఖ్యాత ప్రతులన్నీ పోల్చిచూడాలి కనుక, మొదటి సర్వీసు సెంటరుకు పోయి ఆఫీసు కాపీ చూపించమన్నాను. అందులో 'స్వల్ప' అనే మాట లేదు, 'చెమ్మ' చోట 'లీకు' అని ఉంది. రెండు ప్రతుల్లో ఏది శుద్ధపాఠం అని అడిగాను. కౌంటరు దగ్గరి అబ్బాయి చాలా మర్యాదగా, ఫోనుకు ఒక మెసేజి వస్తుంది సార్, అందులో పదికి పది వెయ్యండి అన్నాడు.